సముద్రం ఎదుట పాలు పొంగించబోయాం

మా ఇంటి నుంచి సముద్రం కనిపించదు. గోపాలపట్నంలో ఉండేవాళ్ళకి విశాఖపట్నం అంటే లారీలు, రైలు కూతలు, సాయంత్రమయ్యేసరికి ఆకాశం మీద పలచగా పరుచుకునే పొగ. ఊరి నుంచి బంధువులు వస్తే బీచికి తీసుకెళ్ళి, మరమరాలు కొనిపెట్టి, చీకటి పడేలోగా బస్సెక్కిస్తాం. మొన్న ఆదివారం మేం వెళ్ళింది అలాంటి షికారు కాదు. భీమిలి రోడ్డులో సముద్రం ఒడ్డున కొత్తగా కడుతున్న ఫ్లాట్లలో ఒకటి కొనాలా వద్దా అని చూసి రావడానికి వెళ్ళాం. ఆ వైపు వెళ్ళనివాళ్ళకి దారి ఎలా ఉంటుందో, అక్కడ మాకేం జరిగిందో చెబుతాను.

ముందు మా లల్లి గురించి చెప్పాలి. దానికి ఐదో ఏడు. రెండేళ్ళ నుంచి ఆయాసం. మంచు పడినా, పక్కింట్లో పోపు ఘాటెక్కినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. రాత్రిళ్ళు నేను దాని వీపు మీద చెయ్యి వేసుకునే పడుకుంటాను. ఊపిరి లయ మారితే చేతికే ముందు తెలుస్తుంది. ఒకసారి డాక్టరుగారు మందులు రాస్తూ, "సముద్రపు గాలి పడుతుందేమో చూడండి" అన్నారు. ఆయన మాటవరసకే అన్నారని నా అనుమానం. మా వారు మాత్రం ఆ మాటని వదల్లేదు.

మా వారిది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. ఉక్కునగరంలో క్వార్టరు వరస ఇంకా రాలేదు. ఆయనతో పనిచేసే అప్పారావు ఒకరోజు రంగుల కాగితం పట్టుకొచ్చాడు. నీలం సముద్రం, తెల్లటి మేడ, గొడుగు కింద కుర్చీలు. పైన 'బీచ్ రిసార్ట్ ఫ్లాట్లు' అని పెద్ద అక్షరాలు. అప్పారావు మాకు చుట్టం కాదు గానీ మా వారిని బావా అనే పిలుస్తాడు.

"కిటికీ తీత్తే సముద్రమే బావా. పేపరోడు కూడా పడవ మీదే వత్తాడు," అన్నాడు. తనకొకటి కావాలని అప్పటికే మాట ఇచ్చేశాడట.

మాకు ఫ్లాటు కొనాలంటే చీపురుపల్లి వైపు పల్లెలో మా అత్తగారి పేరున ఉన్న పొలం అమ్మాలి. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. "ఇల్లు సూసి సెప్తాన్లే," అంది. ఆవిడ ఇల్లు చూడటమంటే గోడలు తట్టి చూడటం కాదు. పొయ్యి వెలిగించి పాలు పొంగించి చూడటం. పాలు తూర్పుకి పొంగితే పొలం అమ్ముతుంది, లేకపోతే లేదు. మా వారు నవ్వి ఒప్పుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఇంటి గాలి లల్లికి పడుతుందో లేదో ఎవరు చూస్తారన్నదే నా బెంగ.

ద్వారకానగర్

పొద్దున్నే సిటీబస్సులో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర దిగాం. కంపెనీ వాళ్ళ వ్యాను అక్కడి నుంచే, అప్పారావు కూడా అక్కడే కలిశాడు. అక్కడి బండి దగ్గర రూపాయికి రెండు ఇడ్లీలు, అడిగినంత చట్నీ. లల్లి ఒకటే తిన్నది. నేను దాని కళ్ళ కింద చూశాను, పెదవుల రంగు చూశాను. "తినే పిల్లనలా పరీక్ష చెయ్యకు," అన్నారు మా వారు.

మా అత్తగారి ఒళ్ళో పాలక్యాను, పాత ఇత్తడి గిన్నె, పసుపు కుంకుమలు, అగ్గిపెట్టె, మామిడాకులు. ఆ గిన్నె సంగతి చెప్పాలి. మేం అద్దె ఇంట్లో దిగిన రోజున పాలు పొంగిద్దామని నేనంటే, "ఒకరి ఇంటికి మనం పొంగించడమేటి?" అని ఆవిడ దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. సొంతిల్లు వచ్చేదాకా దించనంది. ఆ పొద్దున దించి చింతపండుతో తోమింది. మెరుస్తోంది.

వ్యాను మొదటి మలుపులోనే పాలక్యాను మూత ఊడి కొన్ని పాలు పక్కావిడ పట్టుచీర మీద పడ్డాయి. ఆవిడ ముఖం మాడ్చుకుంది.

"పాలే కదమ్మా, పులుసు కాదు. మంచి శకునం అనుకో," అంది మా అత్తగారు తన కొంగుతో తుడుస్తూ.

"మీ శకునం నా చీర మీదెందుకండీ," అంది ఆవిడ. వ్యానంతా నవ్వింది. లల్లి కూడా నవ్వింది. నవ్వు చివర దగ్గు రాలేదు. అది నేను గుర్తుపెట్టుకున్నాను.

ఋషికొండ దాటాక

ఊరు వెనకబడ్డాక రోడ్డు సన్నబడింది. ఒక పక్క ఎర్రమట్టి దిబ్బలు, జీడితోటలు, తాటిచెట్లు. ఇంకో పక్క సరుగుడు చెట్ల సందుల్లోంచి నీళ్ళు. మా బీచి దగ్గర సముద్రం జనానికి అలవాటుపడినట్టుంటుంది. ఇక్కడ దాన్ని చూసేవాళ్ళు లేరు, అది ఎవరి కోసమూ ఆగదు. చెప్పుకోవాలంటే అందంగా ఉంది. కానీ అంతసేపూ నేను ఇంకోటి చూస్తూ వచ్చాను. మందుల షాపు ఒక్కటి కనిపించలేదు.

ముంజలు అమ్మే మనిషి దగ్గర వ్యాను ఆపారు. రూపాయికి డజను. మా అత్తగారు బేరమాడి ఇంకో రెండు వేయించుకుంది.

"ఆ మేడకేటి, పిన్నీ?" అన్నాడతను కత్తి తుడుచుకుంటూ.

"అవును. కొంటాం గావాల."

"కొనండి కొనండి. మా ముంజలికీ మంచి రేటొత్తాది."

లల్లి నీళ్ళు కారుతున్న ముంజని బొటనవేలితో పొడిచి జుర్రుకుంది. చల్లనిది తింటే ఏమవుతుందోనని దాని వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. ఏమీ కాలేదు. మా వారు నా వైపు చూశారు. 'చూశావా, ఇదీ సముద్రపు గాలి' అన్నట్టుంది ఆ చూపు. ఆయన కూడా రాత్రిళ్ళు నిద్రపోరు. కాకపోతే పైకి చెప్పరు. లల్లి కోసం ఇల్లే మార్చేద్దామనుకుంటారు.

నమూనా ఫ్లాటు

ఇసుకలో రెండు మేడలు. ఒకటి ఏడాది క్రితమే పూర్తయిందట, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. రెండోదానికి ఇంకా రంగులు వేస్తున్నారు. అందులో మొదటి అంతస్తులో ఒక ఫ్లాటుని చూపించడానికి ముస్తాబు చేసి పెట్టారు. కంపెనీ మనిషి ఇస్త్రీ చొక్కాలో నెమ్మదిగా మాట్లాడతాడు. సముద్రానికి ఎదురుగా ఒక్కటే మిగిలిందనీ, ఇంకొకళ్ళు కూడా అడుగుతున్నారనీ, సాయంత్రం ఏడులోపు అప్పారావుగారికి మాట చెబితే మాకే ఉంచుతాననీ అన్నాడు.

అన్నీ లోపలే. స్నానాలగది లోపల, మరుగుదొడ్డి లోపల. మా పల్లెలో అది పెరడు దాటాక ఉంటుంది. మా అత్తగారు తలుపులు ఒక్కొక్కటే తీసి చూసింది.

"వంటింటి గోడకి ఆనుకుని దొడ్డేటి బాబూ?"

"ఇప్పుడంతా ఇలాగేనండి, అమ్మగారూ."

"ఒడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి?"

"బాల్కనీ ఉంది కదండీ."

"ఉప్పుగాలికి ఆరవు బాబూ, మెత్తబడిపోతాయి."

బల్ల మీద పళ్ళబుట్ట ఉంది. లల్లి యాపిల్ తీసి కొరకబోతే పంటికి రంగు అంటింది. ప్లాస్టిక్కుది. వంటింట్లో మెరిసే గ్యాసు పొయ్యి ఉంది, దానికి సిలిండరు లేదు.

పాలు పొంగిస్తామంటే కంపెనీ మనిషి ఒక్క క్షణం ఆలోచించి, "శుభమేనండీ," అన్నాడు. మిగతావాళ్ళని అప్పారావు డాబా మీదికి తీసుకెళ్ళాడు. మా అత్తగారు వంటింట్లో మూడు ఇటుకలు పేర్చింది. పక్క గదిలో వడ్రంగులు చెక్కిన పొట్టు, చెక్క పేళ్ళు ఉంటే మా వారు పట్టుకొచ్చారు. సముద్రం గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి. కిటికీలు, బాల్కనీ తలుపు మూసేశారు. పొయ్యి అంటుకుంది. గిన్నెకి పసుపు రాసి పాలు పోసింది ఆవిడ.

"పొంగేదాకా ఎవులూ గుమ్మం దాటకూడదు," అంది.

ఆ పేళ్ళకి పాలిష్ పూసి ఉన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. పొగ తెల్లగా కాకుండా పసుపు రంగులో వచ్చింది, కళ్ళు మండాయి. సున్నం వాసన, రంగుల వాసన, దాని మీద ఇది. లల్లి ఒకసారి దగ్గింది. నేను అటు తిరిగాను. ఇంకోసారి దగ్గింది. మూడోసారి దగ్గు రాలేదు, దాని బదులు సన్నని కూత వచ్చింది. అత్తగారూ కంపెనీ మనిషీ పాలవైపు చూస్తున్నారు. పాల అంచున అప్పుడప్పుడే బుడగలు లేస్తున్నాయి.

"అత్తయ్యా, దీన్ని బయటికి తీసుకెళ్తాను."

"ఒక్క రవ్వాగు అమ్మాయ్. వత్తన్నాయి. గుమ్మం దాటితే పొంగించినట్టే నేదు."

మా వారి వైపు చూశాను. ఆయన పాలనీ లల్లినీ మార్చి మార్చి చూస్తున్నారు. లల్లి భుజాలు చెవుల దాకా లేచి దిగుతున్నాయి. మెడ కింద గుంట పడుతోంది. నా పెళ్ళయ్యాక అత్తగారి మాట కాదన్నది లేదు. పిల్లని ఎత్తుకుని గుమ్మం దాటేశాను. వెనక నుంచి ఆవిడ ఏదో అంది, వినపడలేదు.

వలల దగ్గర

మెట్ల నిండా తడి రంగు వాసన. కింద వ్యాను లేదు. ఇంకో జట్టుని తేవడానికి ఊళ్ళోకి వెళ్ళిందట. మా వారు నా వెనకే పరుగెత్తుకొచ్చారు.

"ఇక్కడ డాక్టరెవరైనా?" అని వాచ్‌మన్‌ని అడిగారు.

"భీమిలెల్లాలి బాబూ."

"బస్సెప్పుడు?"

"వస్తాది," అన్నాడతను రోడ్డు వైపు చూస్తూ. ఎప్పుడో అతనికీ తెలియదు.

మా వారు రోడ్డు మీదికి పరుగెత్తారు. నేను మేడకి దూరంగా, గాలి తగిలే చోటుకి ఇసుకలో పడి నడిచాను. చెప్పు తెగింది, వదిలేశాను. నా భుజం మీద కూత పెద్దదవుతోంది.

ఒడ్డున వల లాగుతున్నారు. రెండు వరసల జనం, నడుములు వెనక్కి వంచి, ఒకళ్ళు పాట ఎత్తితే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. పక్కనే తాటాకు పాక. పాక ముందు ఒకావిడ కెటిల్లో టీ కాస్తోంది. పేరు నూకాలమ్మ అని తర్వాత తెలిసింది. నన్ను చూసి లేచింది.

"గుంటకేటయ్యింది?"

"ఆయాసం. మంచినీళ్ళు కావాలి, మాత్ర వెయ్యాలి." మాత్రల డబ్బా నా రొంటినే ఉంది. నీళ్ళసీసా పైనే ఉండిపోయింది.

"నీల్లు బిందె ఇంకా రానేదు. టీ ఉన్నాది, పాల్లేవు. ఇత్తావేటి?"

ఒక్క క్షణం ఆగాను. ఎవరి గ్లాసో, ఎలాంటి నీళ్ళో అన్న ఆలోచన వచ్చింది, ఆ మాట దాచను. ఆవిడ నా ఆలోచన కనిపెట్టినట్టే గ్లాసుని వేడి టీతో ఒకసారి కడిగి పారబోసి, మళ్ళీ పోసి ఇచ్చింది. బోర్లించిన తెప్ప మీద లల్లిని కూర్చోబెట్టి, ముందుకి వంచి పట్టుకుని, సగం మాత్ర నలిపి నోట్లో వేసి గుటకలుగా తాగించాను. చేదని అది ముఖం తిప్పుకుంది. తిప్పుకునే ఓపిక ఉందని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

తర్వాత చెయ్యగలిగిందేమీ లేదు. వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నూకాలమ్మ ఏ సలహా ఇవ్వలేదు. గాలికి ఎండుచేపల వాసన వస్తుంటే తన చాప తీసి మాకు అడ్డంగా పట్టుకుని నిలబడింది.

"ఆ మేడలోకి దిగుతారేటి?" అంది కాసేపటికి.

"చూస్తున్నాం. దీనికి సముద్రం గాలి మంచిదని."

"ఉండడానికేనా?" ఆవిడ మూసి ఉన్న మొదటి మేడ వైపు చూసింది. "అది కట్టి ఏడాదైనాది. ఎవులూ ఉండరు కదమ్మా. పండగలకి కార్లేసుకుని వత్తారు, రెండ్రోజులుంటారు, పోతారు. మిగతా రోజులు దీపమే ఎలగదు. మా గుంటలు దెయ్యాల మేడంటారు."

అప్పుడే కంపెనీ మనిషి ఇసుకలో బూట్లు జారుతుంటే వచ్చాడు. పాపకెలా ఉందని అడిగాడు, నిజంగానే కంగారు పడ్డాడు. నేను అడిగాను.

"రాత్రిపూట దీనికి ఇలా వస్తే ఏం చెయ్యాలండీ?"

అతను తికమకపడ్డాడు. "రాత్రి ఇక్కడ ఎవరుంటారండీ? ఇవి సెలవులకి వచ్చిపోయే ఇళ్ళు కదా. నీళ్ళు, మనుషులు, అన్నీ ఆ లెక్కనే పెట్టాం. మీ సారుకి చెప్పానే."

మా వారు రోడ్డు మీంచి తిరిగొచ్చారు. ఒక్క లారీ వచ్చిందట, సరుగుడు దుంగలు నిండుగా వేసుకుని. చెయ్యెత్తితే ఆగలేదట. చొక్కా వీపుకి అంటుకుపోయింది. కంపెనీ మనిషి మాట ఆయన విన్నారు. నా ముఖం వైపు చూడలేదు. వంగి లల్లి ఛాతీకి చెవి ఆనించారు. కూత సన్నబడింది.

అంతలో మా అత్తగారు వచ్చింది. కొంగుతో ఇత్తడి గిన్నె పట్టుకుని, ఒలకకుండా అడుగులో అడుగేస్తూ.

"పొంగాయా అమ్మా?" అన్నారు మా వారు.

"పొంగాయండీ," అన్నాడు కంపెనీ మనిషి ముందే. "నేను చూశాను. తూర్పుకే."

మా అత్తగారు అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వు సూసీవేమో బాబూ. నాను సూడనేదు. గుంట కూతే ఇనపడింది నాకు." గిన్నె నూకాలమ్మకి అందించింది. "టీలో పోసీ అమ్మా. ఇంతమంది లాగతన్నారు."

ఆ పాలతో వల లాగేవాళ్ళందరికీ టీ అయింది. లల్లికి కూడా. ఈసారి అది ముఖం తిప్పుకోలేదు.

తిరుగు ప్రయాణం

వ్యానులో అప్పారావు ఇక ఉండబట్టలేక అన్నాడు. "రంగు వాసన బావా, రెండు నెలల్లో పోతాది. పేళ్ళ పొగకి మేడేటి సేత్తాది?"

"నిజమే," అన్నారు మా వారు.

నిజమే, అది నాకూ తెలుసు. సముద్రపు గాలిదేమీ తప్పు లేదు, లల్లి ఊపిరి కుదుటపడిందీ ఆ ఒడ్డునే. టీ వల్లనో, మాత్ర వల్లనో, గాలి వల్లనో నేను చెప్పలేను. కానీ ఒక మాట అడగకుండా ఉండలేకపోయాను.

"మనం అక్కడ ఉన్నామనుకోండి. రాత్రి దీనికి ఊపిరాడకపోతే ఎవరి తలుపు కొడదాం?"

నేనలా నలుగురిలో ఆయన్ని అడగడం అదే మొదలు. పట్టుచీరావిడ కిటికీ వైపు తిరిగింది. మా వారు రంగుల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు, మళ్ళీ విప్పారు.

మా గోపాలపట్నం ఇంట్లో పొగ ఉంది, రొద ఉంది, వేసవిలో నీళ్ళకి తగువులున్నాయి. కానీ ఎదురింటి కాంపౌండరు తలుపు మేం ఎన్ని రాత్రిళ్ళు కొట్టామో. ఒక్కసారీ విసుక్కోలేదు. పక్కింటాయన స్కూటరు తాళం మేకుకి వేలాడుతుంటుంది, అడిగి తీసుకోవడమే. ఆ రోడ్డు వెంట సముద్రం కనిపించినంత మేరా నేను అవే తలుచుకుంటూ వచ్చాను.

ఇంటి దగ్గర

దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరాం. మా వారు ముఖం కడుక్కుని చొక్కా మార్చుకున్నారు. ఏడులోపు అప్పారావుకి మాట చెప్పాలి. అతను కూడలిలో టీకొట్టు దగ్గర ఎదురుచూస్తుంటాడు. ఏం చెబుతారో నేను అడగలేదు. అడిగితే ఏ జవాబు వస్తుందోనని భయం. ఆయన గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నారు.

వంటింట్లో చప్పుడైంది. వెళ్ళి చూద్దును గదా, మా అత్తగారు స్టవ్వు పెరటి గుమ్మం దగ్గరికి జరిపి, పెరటి తలుపు బార్లా తెరిచింది. లల్లిని గాలి వచ్చే వైపు పీట మీద కూర్చోబెట్టింది. ఇత్తడి గిన్నెకి మళ్ళీ పసుపు రాసి ఉంది. సాయంత్రం పాలు అందులో పోసి స్టవ్వు మీద పెట్టింది.

"అత్తయ్యా, ఇది అద్దె ఇల్లు కదా," అన్నాను.

"తెలుసే. ఇటు రా, నిల్సో." వీధిగుమ్మం వైపు తలెత్తి కేకేసింది. "ఒరే నాన్నా. పొంగేదాకా ఎవులూ గుమ్మం దాటకూడదు."

వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడు ఆగింది. స్టవ్వు చిన్న మంట మీద ఉంది, పాలు కదలడం లేదు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. అవతల టీకొట్టులో అప్పారావు గడియారం చూసుకుంటూ ఉంటాడు.

"మంట పెంచమంటారా?" అన్నాను.

"పెంచకు. మనకేటి తొందర?" అంది మా అత్తగారు.

ముందు ఒక చెప్పు విప్పిన చప్పుడు వినిపించింది. కాసేపటికి రెండోది. మా వారు వచ్చి లల్లి పక్కన నేల మీద కూర్చుని, దాని వీపు మీద చెయ్యి వేశారు.